చదువు అటకెక్కేది ప్రేమ వల్లా, దాపరికం వల్లా?

మొన్నీమధ్య మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరుగుతుంటే ఒక తండ్రి లేచి నిలబడి, "ఈ వయసులో ప్రేమా గీమా అని మొదలైందంటే ఇక చదువు అటకెక్కినట్టే మేడం, మీరు క్లాసులో గట్టిగా ఉండండి, మేం ఇంట్లో ఫోన్ లాక్కుంటాం, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. చాలామంది తలలూపారు, ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. నేను పదిహేనేళ్లుగా లెక్కలు చెప్తున్నా, ఈ మాట నాకేం కొత్త కాదు, నేనే ఒకప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులకి ఇదే చెప్పి పంపించా. కానీ ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆయన చెప్పింది అక్షరం పొల్లు పోకుండా చేసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు, అది మా అక్క వాళ్లిల్లు. రెండు వారాలుగా ఇదే తలలో తిరుగుతోంది, కూర్చుని రాస్తే తప్ప తేలేలా లేదు.

మా అక్క కూతురికి పదహారేళ్లు. చిన్నప్పట్నుంచి బాగా చదివే పిల్ల, అలా అని ఎప్పుడూ పుస్తకం పట్టుకునే ఉండేది కాదు, కూర్చున్న గంటసేపూ మాత్రం మనసు పెట్టి కూర్చునేది. పోయినేడాది మధ్యలో మార్కులు కొంచెం తగ్గాయి. ఎందుకా అని చూస్తే ఫోన్లో ఒక అబ్బాయితో చాటింగ్ బయటపడింది. ఇంట్లో పెద్ద గొడవ. ఫోన్ లాక్కున్నారు, వైఫై పాస్‌వర్డ్ మార్చారు, స్కూల్‌కి దింపడం తీసుకురావడం మొదలుపెట్టారు. అక్క నాతో అన్నది ఒకటే మాట, "అడ్డం తీసేశాం, ఇంక చదువుకుంటుంది". తర్వాతి పరీక్షల్లో మార్కులు ఇంకా పడిపోయాయి. కొంచెం కాదు, బాగా. అప్పుడు సెలవుల్లో పదిరోజులు నా దగ్గరికి పంపించింది, నువ్వు లెక్కలు చెప్పు, కాస్త బుద్ధి కూడా చెప్పు అని.

లెక్కల సంగతి సరే, నేను ఆ పదిరోజులూ ఆ పిల్లని గమనిస్తూ కూర్చున్నా. పుస్తకం తెరిచి ఉంటుంది, పెన్ను చేతిలో ఉంటుంది, కళ్లు పేజీ మీదే ఉంటాయి. నలభై నిమిషాల తర్వాత చూసినా అదే పేజీ. ఒక లెక్క ఇచ్చి చెయ్యమంటే మొదటి లైను చక్కగా రాసింది. ఆగింది. కాసేపటికి దాని కిందే మళ్లీ అదే మొదటి లైను రాసింది, రాశానన్న సంగతి కూడా తెలీకుండా. నాకు భయమేసింది. ఫోన్ లేదు, చాటింగ్ లేదు, ఆ అబ్బాయి ఎక్కడో ఉన్నాడు, మరి ఈ పిల్ల ఎక్కడుంది?

నాలుగో రోజు రాత్రి తనే చెప్పింది. "పిన్నీ, వాడితో మాట్లాడినప్పుడు గంట పోయేది, నిజమే. కానీ మాట్లాడేశాక చదువుకునేదాన్ని. ఇప్పుడు వాడు ఏమనుకుంటున్నాడో తెలీదు, కోపం వచ్చిందో తెలీదు, అసలు ఇంకా ఉన్నామో లేదో తెలీదు, అమ్మ ఎవర్నేం అడిగిందో తెలీదు. ఇప్పుడు రోజంతా పోతోంది." ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఈ వ్యాసం మొత్తం ఆ పిల్ల చెప్పిన ఆ నాలుగు మాటల చుట్టూనే తిరుగుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. టీనేజ్ ప్రేమ వల్ల చదువు మీద ధ్యాస పోదు అని నేననను, పోతుంది. కానీ ఆ ధ్యాసని ఎక్కువగా తినేసేది ఇష్టపడటం కాదు. ఏమవుతుందో తెలీకుండా ఎదురుచూడటం, ఎవరికీ తెలీకుండా దాచుకోవడం, ఈ రెండూ తినేస్తాయి. మనం పెద్దవాళ్లం "క్రమశిక్షణ" అనుకుని చేసే పనులు చాలావరకు ఈ రెండిటినే పెంచుతున్నాయి.

తలలో ఉన్న చోటు కొంచెమే

ఒక లెక్క చెయ్యాలంటే ఇచ్చినవి గుర్తు పెట్టుకోవాలి, కావాల్సింది గుర్తు పెట్టుకోవాలి, మధ్యలో వచ్చిన విలువని పట్టుకుని ఉండాలి, ఇదంతా ఒకేసారి. మనసులో దీనికున్న చోటు చాలా తక్కువ, నాలుగైదు సంగతులు పెడితే నిండిపోయే అల్మరా లాంటిది. అందులో ఒక అరలో "రిప్లై ఎందుకు రాలేదు" అన్న ప్రశ్న కూర్చుంటే మిగిలిన అరలతోనే లెక్క చెయ్యాలి. తెలివి తగ్గలేదు, చోటు తగ్గింది. క్లాసులో పిల్లలు "తెలుసు మేడం, కానీ రాలేదు" అంటారే, దాదాపు అలాంటిదే.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హెంక్ వాన్ స్టీన్‌బెర్గెన్ బృందం 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ప్రేమలో పడి ఆరు నెలలు కూడా కాని 43 మందిని తీసుకుని, అక్కర్లేనిదాన్ని పక్కనపెట్టి కావాల్సిన దాని మీదే దృష్టి పెట్టాల్సిన చిన్న చిన్న పరీక్షలు ఇచ్చారు, అంటే "ఎరుపు" అన్న మాట నీలం రంగులో రాసి ఉంటే రంగు మాత్రమే చెప్పాలి, అలాంటివి. ప్రేమ ఎంత తీవ్రంగా ఉందని వాళ్లు చెప్పుకున్నారో, అడ్డొచ్చేవాటిని పక్కనపెట్టడంలో అంత వెనకబడ్డారు. అంటే పెద్దవాళ్ల అనుమానంలో నిజం ఉంది. కాకపోతే వాళ్లు టీనేజర్లు కాదు, యూనివర్సిటీ వయసు వాళ్లు, పైగా ప్రేమ వల్ల దృష్టి తగ్గిందా, దృష్టి అదుపులో లేనివాళ్లే గాఢంగా ప్రేమలో పడతారా అన్నది ఆ ఒక్క ప్రయోగంతో తేలదు.

టీనేజర్ల సంగతి కావాలంటే అమెరికా మనస్తత్వ పరిశోధకుడు రీడ్ లార్సన్ చేసిన పని చూడాలి. పిల్లల చేతికి పేజర్లు ఇచ్చి, రోజులో ఎప్పుడు బీప్ వస్తే అప్పుడు ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో, ఎందుకలా ఉందో రాయమనేవారు. తీవ్రమైన భావాలకి కారణాలు లెక్కేస్తే అమ్మాయిల్లో దాదాపు మూడో వంతు, అబ్బాయిల్లో పావు వంతు ప్రేమ వ్యవహారాలకి సంబంధించినవే అని తేలింది. అందులో నిజంగా ఉన్న బంధాలే కాదు, ఊహల్లో ఉన్నవి కూడా కలిశాయి. ఆ రెండో సంగతి నన్ను చాలాసేపు ఆపింది. ఎవరితోనూ మాట్లాడని పిల్ల కూడా క్లాసులో కూర్చుని ఎక్కడికో వెళ్లిపోతుంది. ఏ ఫోన్ లాక్కుంటాం ఆ పిల్ల దగ్గర?

నా సంగతే చెప్తా. పదిహేడేళ్లప్పుడు ఒకబ్బాయి నా నోట్‌బుక్ తీసుకుని వారం రోజులు తిరిగివ్వలేదు. మా ఇద్దరి మధ్య ఏమీ లేదు, మాట్లాడింది కూడా నాలుగైదు సార్లే. కానీ ఎందుకు తీసుకున్నాడు, లోపల ఏమైనా రాసిస్తాడా, కావాలనే ఆలస్యం చేస్తున్నాడా అని నెల రోజులు కొట్టుకున్నా. ఆ నెలలో చెప్పింది ఇంటిగ్రేషన్. డిగ్రీలోకి వచ్చాక దాన్ని మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది, మిగతా చాప్టర్లలో ఏదీ అలా కాలేదు, ఆ ఒక్కటే. నోట్‌బుక్ తిరిగొచ్చింది, లోపల ఏమీ లేదు, ఆ రోజు సాయంత్రం నుంచి మామూలుగా చదువుకున్నా. బాధేసింది కానీ చదువుకున్నా. ఎందుకంటే తేలిపోయింది.

తేలకపోవడం, చెప్పలేకపోవడం

తేలకపోవడానికి ఎంత బలం ఉందో చూపించిన ప్రయోగం ఒకటి 2011లో వచ్చింది, ఎరిన్ విట్‌చర్చ్, టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ చేసింది. కొంతమంది యూనివర్సిటీ అమ్మాయిలకి అబ్బాయిల ఫేస్‌బుక్ ప్రొఫైళ్లు చూపించి, కొందరితో "వీళ్లకి నువ్వు బాగా నచ్చావు" అన్నారు, కొందరితో "ఫరవాలేదన్నారు" అన్నారు, ఇంకొందరితో "నచ్చావో లేదో తెలీదు, రెండిట్లో ఏదైనా కావచ్చు" అన్నారు. ఎక్కువ ఆకర్షణ, ఎక్కువ ఆలోచన ఎవరిలో వచ్చింది అంటే ఆ తెలీదన్న వాళ్లలో. బాగా నచ్చావని చెప్పించుకున్న వాళ్లలో కాదు. ఫోన్ లాక్కున్న మర్నాటి నుంచి మా అక్క కూతురు ఉన్నది సరిగ్గా ఆ మూడో గుంపులో.

దాచడం సంగతి డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూశాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దంటే అదే గుర్తొస్తుంది అని 1987లో చూపించింది ఈయనే, అది అందరికీ తెలిసిందే. దానికంటే నాకు ముఖ్యమైంది 1994లో ఆయన, సహచరులు కలిసి రహస్య సంబంధాల మీద చేసింది. ముక్కూమొహం తెలియని నలుగురిని, ఇద్దరబ్బాయిలు ఇద్దరమ్మాయిలు, పేకాటకి కూర్చోబెట్టి ఒక జంటని టేబుల్ కింద పాదాలు ఆనించి ఉంచమన్నారు. కొన్ని ఆటల్లో అది మిగతా ఇద్దరికీ తెలుసు, కొన్నింటిలో తెలీదు. తర్వాత విడివిడిగా అడిగితే రహస్యంగా ఉంచినవాళ్లే ఒకరినొకరు ఎక్కువ ఇష్టపడ్డామన్నారు. అదే పరిశోధనలో పాత ప్రేమల గురించి అడిగితే, అప్పట్లో దాచాల్సి వచ్చినవే ఇప్పటికీ ఎక్కువగా గుర్తొస్తున్నాయన్నారు. పదినిమిషాల పేకాటలో ముక్కూమొహం తెలీని మనిషి పాదమే ఇంత చేస్తే, ఏడాదంతా ఇంట్లో దాచుకుంటున్న పిల్లకి ఎంత ఉంటుందో ఆలోచించండి.

రహస్యాల మీద పరిశోధన చేసే మైకేల్ స్లెపియన్ 2017లో చెప్పింది ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తుంది. రహస్యం ఉన్న మనిషి ఎదుటివాళ్ల ముందు దాన్ని దాచాల్సిన సందర్భాలు తక్కువే, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు దానిమీదకే పోయే సందర్భాలు దానికంటే చాలా ఎక్కువ, మనిషిని కుంగదీసేది కూడా అదే అని. ఒంటరిగా ఉండటం అంటే పిల్లలకి ఏంటి? తలుపేసుకుని చదువుకోవడం. మనం "నీ గదిలోకెళ్లి చదువుకో" అని పంపించేది సరిగ్గా అక్కడికే.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది ఏ ప్రయోగం చెప్పింది కాదు, నేను చూసింది. దాచడమంటే ఒక పెద్ద పని. ఎవరితో ఏం చెప్పామో గుర్తుంచుకోవాలి, మెసేజ్ డిలీట్ చెయ్యాలి, ఫ్రెండ్‌కి ముందే చెప్పి ఉంచాలి, అమ్మ అడిగితే చెప్పాల్సిన జవాబు సిద్ధంగా ఉండాలి, నాన్న ఫోన్ మోగితే అది స్కూల్ నుంచేమో అని గుండె దడదడలాడాలి. ఈ లెక్కలన్నీ నడిచేది నేను పైన చెప్పిన ఆ చిన్న అల్మరాలోనే. ఇంక ట్రిగనామెట్రీ ఎక్కడ పెట్టుకుంటారు పిల్లలు.

నాకు అడ్డం తగిలే లెక్కలు

ఇక్కడిదాకా చదివి, అయితే పిల్లల్ని వదిలేస్తే మార్కులు వస్తాయంటావా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు.

జార్జియా యూనివర్సిటీ పరిశోధకురాలు పమేలా ఒర్పినాస్ 624 మంది పిల్లల్ని ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఏడేళ్లు వెంబడించారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం చిన్నవయసులోనే, అంటే ఆరు ఏడు ఎనిమిది తరగతుల్లోనే డేటింగ్ మొదలుపెట్టినవాళ్లకి చదివే అలవాట్లు బాగా తక్కువగా ఉన్నాయని వాళ్ల టీచర్లే మార్కులేశారు, చదువు మధ్యలో మానేసే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇది చిన్న సంగతి కాదు. దీన్ని నేను పక్కకి నెట్టలేను. పన్నెండేళ్ల పిల్ల, పదహారేళ్ల పిల్ల ఒకటి కాదు, నా వాదన పదిహేను దాటినవాళ్ల గురించే, అంతకంటే చిన్నవాళ్ల దగ్గర నాకు అంత ధైర్యం లేదు, అక్కడ కాస్త అడ్డుకట్ట వెయ్యాలనే నాకూ అనిపిస్తుంది.

అదీకాక 2000లో కారా జాయ్నర్, రిచర్డ్ ఉడ్రీ రాసిన పేపర్ ఒకటుంది. అమెరికాలో ఎనిమిది వేలకి పైగా టీనేజర్లని ఏడాది తేడాతో రెండుసార్లు ఇంటర్వ్యూ చేసిన వివరాలు అవి. ఆ మధ్యలో ప్రేమబంధంలోకి వెళ్లినవాళ్లలో కుంగుబాటు లక్షణాలు, వెళ్లనివాళ్లలో కంటే ఎక్కువ పెరిగాయి, అమ్మాయిల్లో మరీనూ. ఎందుకిలా అని వాళ్లు వెతికిన దారుల్లో చదువు దెబ్బతినడం ఉంది, విడిపోవడాలు ఉన్నాయి, తల్లిదండ్రులతో సంబంధం చెడటమూ ఉంది. నా కన్ను ఆ చివరిదాని మీదే ఆగింది. తల్లిదండ్రులతో చెడటం అనేది ప్రేమతో పాటు ఎక్కడ్నుంచో ఊడిపడేది కాదు కదా, అందులో సగం మన చేతిలో ఉన్నదే.

ఇంకో చిక్కు, ముందు ఏది వచ్చింది అన్నది. ఇంట్లో గొడవలున్న పిల్ల, క్లాసులో ఏమీ అర్థంకాక రోజూ అవమానపడే పిల్లాడు, వీళ్లకి ఎవరో ఒకరు "నువ్వు బాగున్నావు" అంటే అటు వెళ్లిపోరా? చదువు పాడై ప్రేమలోకి వెళ్లినవాళ్లని కూడా మనం ప్రేమ వల్ల చదువు పాడైనవాళ్ల ఖాతాలోనే రాస్తున్నాం. నా క్లాసులోనే అలాంటివాళ్లు నలుగురైదుగురు గుర్తొస్తున్నారు, వాళ్ల మార్కులు ఎప్పుడు తగ్గాయో పాత రిజిస్టర్లు తీసి చూస్తే, ఇద్దరివి ఆ కథ మొదలవడానికి ఏడాది ముందే తగ్గాయి. అప్పుడు నేను చూడలేదు. కథ బయటపడ్డాకే మార్కులు కూడా కనిపించాయి నాకు.

నిద్ర సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటలు నిద్ర కావాలి, వయసు మార్పుల వల్ల నిద్ర వచ్చే సమయమే వెనక్కి జరుగుతుంది, దానికి తోడు అర్ధరాత్రి దాకా మెసేజీలు. మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ పిల్లాడికి ఏం చెప్పినా ఎక్కదు. స్విట్జర్లాండ్‌లో సెర్జ్ బ్రాండ్ బృందం 2007లో కొత్తగా ప్రేమలో పడ్డ టీనేజర్లని చూస్తే వాళ్లు తక్కువ నిద్రపోతున్నా పొద్దున్నే హుషారుగా ఉన్నారట, ఏకాగ్రత కూడా బాగానే ఉందని చెప్పుకున్నారట. అది చదివి నేను ఆశ్చర్యపోయా. బాగున్న ప్రేమ కొన్నాళ్లు మనిషిని ఎత్తి నిలబెడుతుంది, అది నిజం, కానీ ఆ హుషారు ఎన్నాళ్లుంటుంది, నిద్ర బాకీ ఎప్పుడు తీర్చాలి అన్నది వేరే ప్రశ్న. కాబట్టి రాత్రి పదింటికి ఫోన్ బయట పెట్టెయ్యడం అనేది నేను గట్టిగా నిలబడే విషయం, ప్రేమ ఉన్నా లేకపోయినా, పిల్లలకైనా పెద్దలకైనా.

నా వైపు వాదించేవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటి నేను వాడను. "వద్దంటే ప్రేమ ఇంకా బలపడుతుంది" అని. 1972లో డ్రిస్కాల్ అనే ఆయన జంటల మీద చేసిన అధ్యయనంతో ఆ మాట బాగా పాకింది. 2014లో మళ్లీ చేసి చూస్తే అలా రాలేదు, కుటుంబం కాదంటే ఆ బంధం సాధారణంగా బలహీనపడుతోందనే వచ్చింది. అంటే వద్దంటే ప్రేమ తగ్గొచ్చు కూడా. నేనంటున్నది ప్రేమ పెరుగుతుందని కాదు, ధ్యాస పోతుందని. ప్రేమ సగం చచ్చి, ఏమైందో తెలీక, ఎవర్నీ అడగలేక కూర్చున్న పిల్లకి చదువెలా ఎక్కుతుంది?

ఎవరితో అన్నది ఎవరూ అడగరు

మా అక్క ఆ గొడవ జరిగిన రోజు నుంచి ఆరు నెలలపాటు ఒక్కసారి కూడా ఆ అబ్బాయి ఎలాంటివాడు అని అడగలేదు. పేరు కూడా చాటింగ్‌లో ఉన్న ముద్దుపేరే తెలుసు. ఉన్నాడా లేడా, అదొక్కటే ప్రశ్న. నిజానికి చదువుకి సంబంధించినంతవరకు చూసినా అసలు ప్రశ్న అది కాదు.

పెగ్గీ జియోర్డానో, ఆమె సహచరులు అమెరికాలోని టొలీడో ప్రాంతంలో టీనేజర్లతో మాట్లాడి 2008లో రాసిన పేపర్‌లో, ప్రేమించిన మనిషి చదువులో ఎలా ఉన్నారన్నదానికీ ఈ పిల్లల మార్కులకీ సంబంధం కనిపించింది. స్నేహితుల ప్రభావం, తల్లిదండ్రుల ప్రభావం లెక్కలోకి తీసుకున్నాక కూడా. ఇది మనకి తెలీని విషయమా? మా స్కూల్లో కొన్నేళ్ల క్రితం ఒక జంట ఉండేది, అందరికీ తెలుసు, కానీ ఎవరూ పట్టించుకోనట్టు ఉండేవాళ్లు. ఆ అబ్బాయికి లెక్కలు రావు, ఆ అమ్మాయికి వచ్చు. ఒకరోజు అతని రఫ్ నోట్స్ నా చేతికొస్తే ప్రతి తప్పు పక్కనా వేరే చేతిరాతతో "ఇక్కడ గుర్తు మర్చిపోయావ్" "మళ్లీ చెయ్యి" అని రాసుంది. ఆ ఏడాది అతను నా సబ్జెక్ట్ పాసయ్యాడు. నేను రెండేళ్లు చెప్పినా రానిది.

దానికి పూర్తిగా ఎదురైంది కూడా చూశా. ఒకమ్మాయి క్లాసులో ఐదు నిమిషాలకొకసారి బ్యాగులో చెయ్యి పెట్టి ఫోన్ చూసుకునేది. పిలిచి అడిగితే ఏడ్చింది. అవతలి అబ్బాయికి వెంటనే రిప్లై ఇవ్వకపోతే "ఎవరితో ఉన్నావ్" అని మొదలుపెడతాడట, ఫొటో తీసి పంపించమంటాడట. దీన్ని ప్రేమ అనడానికి నాకు మనసొప్పదు. ఈ పిల్లకి పెద్దవాళ్ల సాయం ఆ రోజే కావాలి. కానీ ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే వాడి సంగతి తర్వాత మేడం, ముందు నన్ను స్కూల్ మాన్పిస్తారు" అంది. మనం అన్ని ప్రేమల్నీ ఒకే నేరం కింద కట్టేస్తే, ప్రమాదంలో ఉన్న పిల్ల కూడా నేరస్తురాలిలాగే దాక్కుంటుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు, మార్కుల సంగతి పక్కన పెట్టినా సరే.

తెగిపోయాక

నేను ఎక్కువ బాధపడేది ఈ భాగం గురించే. టీనేజ్ ప్రేమలు చాలావరకు నిలవవు, కొన్ని నెలల్లోనే అయిపోతాయి, అందరికీ తెలుసు. టీనేజర్లలో మొదటిసారి పెద్ద కుంగుబాటు రావడానికీ, ఈమధ్యే విడిపోవడానికీ సంబంధం ఉందని స్కాట్ మన్రో బృందం 1999లోనే చూపించింది. అంటే మార్కుల కోసం భయపడేవాళ్లు మొదలవడం గురించి కంటే తెగిపోవడం గురించి ఎక్కువ భయపడాలి. కానీ మన జాగ్రత్తంతా మొదలవకుండా చూడటంలోనే అయిపోతుంది, అయిపోయిందని తెలిస్తే "హమ్మయ్య, పీడా పోయింది" అనుకుంటాం.

నా క్లాసులో ఒకబ్బాయి, ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేవాడు. ఉన్నట్టుండి రెండు నెలలు ఎలాగో అయిపోయాడు. పరీక్షలో తెల్ల పేపర్ ఇచ్చాడు. ఇంట్లో డాక్టర్‌కి చూపించారు, కళ్లు చూపించారు, ట్యూషన్ మార్చారు. నేను కూడా పిలిచి గట్టిగానే మందలించా, ఆ మందలింపు తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఏడాది పోయాక స్కూల్ వదిలి వెళ్లేటప్పుడు వచ్చి చెప్పాడు, ఆ అమ్మాయి మాట్లాడటం మానేసింది మేడం అప్పుడు, అని. మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నా. "ఉందని చెప్పనిదాన్ని పోయిందని ఎలా చెప్తాను మేడం" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు వాడికి పదిహేడేళ్లు. ఇంట్లో ఎవరైనా పోతే పిల్లాడికి సెలవిస్తాం, పక్కన కూర్చుంటాం, తినిపిస్తాం, పరీక్ష పోతే పోయిందిలే అంటాం. వీడు మాత్రం లోపల అంత పెట్టుకుని పొద్దున్నే యూనిఫాం వేసుకుని వచ్చి మొదటి బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద రాస్తున్న సమీకరణాలు దించుకున్నాడు. రెండు నెలలు. ఒక్కడే.

మరి ఏం చెయ్యాలంటావ్ అని అక్క అడిగింది

పదిరోజులయ్యాక పిల్లని దింపడానికి వెళ్లినప్పుడు అక్క, నేను చాలాసేపు కూర్చున్నాం. నేను చెప్పింది పెద్దగా ఏమీ లేదు. నీకు ఇష్టం లేదని చెప్పు, చదువు ముందు అని చెప్పు, హద్దులు ఏంటో చెప్పు, రాత్రి ఫోన్ నీ దగ్గరే ఉండనీ, కానీ దాచాల్సిన అవసరం మాత్రం లేకుండా చెయ్యి అన్నా. అడిగితే కొట్టనని, స్కూల్ మాన్పించనని, ఊళ్లో వాళ్లకి చెప్పనని మాటివ్వు. ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడి ఏదో ఒకటి తేల్చుకోనీ. "నువ్వే పిల్లల్ని పాడుచేస్తున్నావ్, టీచరై ఉండి" అంది అక్క. కోపంగానే అంది. కోపం కాదు అది, భయం, నాకు తెలుసు. ఆడపిల్ల తల్లి భయాన్ని నేను ప్రయోగాల పేర్లు చెప్పి తీసెయ్యలేను, తీసెయ్యాలని కూడా లేదు. ఏదైనా జరిగితే పిల్ల మీద పడే మాటలు వేరు, పిల్లాడి మీద పడేవి వేరు, ఆ తేడా తెలిసిన తల్లి గట్టిగా పట్టుకుంటుంది. ఆ గట్టిగా పట్టుకోవడమే పిల్ల నోరు మూయించేస్తోంది అన్నదొక్కటే నా గోల.

పరీక్షలు దగ్గరపడ్డప్పుడు ఇదంతా ఎక్కడ కుదురుతుంది, ఒక నెల ఫోన్ తీసేస్తే ఏం పోయింది అని కూడా అడిగింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంతమంది పిల్లలే వచ్చి ఫోన్ ఇచ్చేస్తారు, నెల రోజులు మాట్లాడుకోవద్దని ఇద్దరూ అనుకుంటారు, అది బాగా పనిచేయడం చూశా, ఎందుకంటే అక్కడ ఎప్పుడు మాట్లాడతారో ఇద్దరికీ తెలుసు. చెప్పాపెట్టకుండా లాక్కోవడం వేరు. రెండిట్లోనూ ఫోన్ లేదు, తలలో ఉన్నది మాత్రం ఒకటి కాదు.

అక్క వెంటనే మారిపోలేదు. నెలన్నర పట్టింది. ఒకరోజు వంటింట్లో పని చేసుకుంటూ, మొహం చూడకుండానే, "ఆ అబ్బాయి బాగా చదువుతాడా" అని అడిగిందట. అంతే అడిగిందట. పిల్ల నాకు ఫోన్ చేసి చెప్తూ నవ్వింది, చాలా రోజుల తర్వాత విన్నా ఆ నవ్వు. మార్కులు కొంచెం పెరిగాయి, మునుపటంత కాలేదు, దీనివల్లే పెరిగాయని కూడా నేననను, ఆ టర్మ్‌లో టీచర్ మారింది, సిలబస్ తేలిక, ఏదైనా కావచ్చు.

పోయిన నెల వాళ్లిద్దరూ విడిపోయారు. ఎందుకో నాకు తెలీదు. అక్క పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది, గొంతు బొంగురుపోయి ఉంది, "రాత్రంతా నా పక్కనే పడుకుని ఏడ్చిందే, నేనూ పడుకోలేదు, తెల్లారాక లేచి మొహం కడుక్కుని టెస్ట్ ఉందని వెళ్లింది" అని. టెస్ట్ ఎలా రాసిందో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.